ఎం.ఏ. చదివిన తుమ్ము

మా అమ్మాయి ఎం.ఏ. ఎకనామిక్స్ పాసైన కబురు గుంటూరు బ్రాడీపేట నాలుగో లైను దాటకముందే, ఆమె ఏ ఉద్యోగం చేయాలో లైనులోని వాళ్లందరూ తేల్చేశారు. ఎదురింటాయన బ్యాంకు గుమాస్తా పరీక్ష అన్నారు. పై వాటాలోని లెక్కల మాస్టారు బి.ఇడి. అన్నారు. మాస్టారి భార్య, "ఇంటి ఖర్చు పొదుపుగా చూసుకుంటుంది, ఇంకేం కావాలి" అని ఆ చదువును పెళ్లి ఖాతాలో జమ చేసేశారు.

అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ అని ఒకటి 1961 నుంచి ఉందని, పరీక్ష యూపీఎస్సీయే పెడుతుందని, రాతపరీక్షకు 1000 మార్కులు, ఇంటర్వ్యూకు 200 అని, అది కాకపోతే రిజర్వు బ్యాంకు పరిశోధన విభాగం, నాబార్డు, నెట్ రాస్తే కాలేజీలో పాఠాలు...

"పోస్టులెన్ని?" అన్నారు మాస్టారు.

"పదుల్లో ఉంటాయండీ."

"అయినా రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసిన దువ్వూరి సుబ్బారావు గారు చదివింది ఫిజిక్సు కదమ్మా!"

"తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో ఎకనామిక్స్‌లోనే డాక్టరేట్ చేశారండీ."

"అదే చెబుతున్నాను. ఆయన చివర్లో చదివింది నువ్వు ముందే చదివేశావు."

దీనికి జవాబు ఏ సిలబస్‌లోనూ లేదు.

ఇంతలో ప్రత్తిపాడు నుంచి మా అన్నయ్య దిగాడు. వేసవిలో కోల్డ్ స్టోరేజీలో పెట్టిన తేజ రకం మిర్చి బస్తాలు అలాగే ఉన్నాయి. అమ్మాలా, ఇంకా ఆపాలా అని ఊళ్లో అందరినీ అడిగి అయింది. "ఇంట్లో ఎకనామిక్స్ పెట్టుకుని బయట తిరగడమేమిటి" అని అమ్మాయిని మిర్చి యార్డుకు బయలుదేరదీశాడు. వెంట నేను.

దారి పొడవునా అమ్మాయి పెదనాన్నకు పాఠం చెప్పింది. నిరుడు ధర బాగుందని ఈ ఏడు అందరూ మిర్చే వేస్తారు, పంట ఎక్కువై ధర పడుతుంది, పడిందని మానేస్తారు, మళ్లీ పెరుగుతుంది. 1934లో నికొలస్ కాల్డార్ అనే ఆయన దీనికి సాలెగూడు సిద్ధాంతమని పేరు పెట్టాడట.

"ఆయన ముందే ఒకసారి మన ఊరు వచ్చి ఉంటే 1934 దాకా ఆగే పని ఉండేది కాదు" అన్నాడు అన్నయ్య.

యార్డులో అడుగుపెట్టగానే ఘాటు ముక్కుపుటాలను పలకరించింది. అలవాటైన హమాలీలు మాత్రం మల్లెతోటలో తిరుగుతున్నట్టు బస్తాలు మోస్తున్నారు. కమీషన్ కొట్టులో శాంపిల్ కుప్ప పోశారు. కొనుగోలుదారు వచ్చి ఒక కాయను తొడిమ పట్టుకుని చెవి దగ్గర ఆడించాడు, విరిచాడు, గింజలు అరచేతిలో రాల్చుకుని చూశాడు, క్వింటాకు ఒక ధర చెప్పాడు. అన్నయ్య మా అమ్మాయి వైపు తిరిగాడు.

అమ్మాయి అప్పటికే పాత అమ్మకం పట్టీ కాగితం వెనక లెక్క వేసి ఉంచింది. గిడ్డంగి అద్దె ఇంత, బ్యాంకు వడ్డీ ఇంత, తూకంలో తరుగు ఇంత. ఇంకో నెల ఆపితే ధర కనీసం ఇంత పెరగాలి, లేకపోతే దండగ. "పెదనాన్నా, నా లెక్క ప్రకారం ఈ రోజే..." అని తుమ్మింది.

ఒకే ఒక్క తుమ్ము.

అన్నయ్య చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అమ్మను."

అర నిమిషానికి రెండోది వచ్చింది. దానితో కొట్టంతా రెండు వర్గాలైంది. జంట తుమ్ము శుభం కాబట్టి బేరం కుదిరినట్టేనని కమీషన్ వ్యాపారి. మధ్యలో అంత వ్యవధి ఉంటే అవి రెండు ఒంటి తుమ్ములే గాని జంట కాదని గుమాస్తా. యార్డులో అందరూ తుమ్ముతూనే ఉంటారు కదా అని నేనన్నాను. "మిగతావి ఘాటుకు వచ్చిన తుమ్ములు. ఇది ఎం.ఏ. చదివిన తుమ్ము" అని అన్నయ్య నా నోరు మూయించాడు. అమ్మాయి పట్టీ చూపించబోతే, "దాచుకోమ్మా, పరీక్షకు పనికొస్తుంది" అన్నాడు.

ఖర్మ కొద్దీ తర్వాత నిజంగానే ధర పెరిగింది. అన్నయ్య అమ్మేసి మిఠాయి పొట్లంతో వచ్చాడు. అమ్మాయి ఆ పట్టీయే తీసి అద్దె, వడ్డీ, తరుగు తీసివేసి చూపించింది. మిగిలిన లాభం ఆ మిఠాయికీ, ప్రత్తిపాడు బస్సు చార్జీకీ సరిపోయింది. ఆ లెక్క వినడానికి అన్నయ్యకు తీరిక ఎక్కడిది? తుమ్ము మహిమ ఫోనులో ఎవరికో వర్ణిస్తున్నాడు.

అప్పటినుంచి మా ఇంటికి చుట్టాలు పెరిగారు. ఎకనామిక్ సర్వీస్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న పిల్లను, "అమ్మా, ఒక్కసారి మా శాంపిల్ వాసన చూడు" అంటారు. నిన్న దుగ్గిరాల నుంచి వదిన గారి తమ్ముడు వచ్చి పసుపు యార్డుకు రమ్మన్నాడు. పసుపు కొమ్ములకు తుమ్ము రాదు బాబూ అని చెప్పి చూశాను.

"ఆ బెంగ మీకెందుకు బావగారూ, ముక్కుపొడుం మేం తెస్తాం" అన్నాడు.