వంకలు చచ్చిపోయాయన్న మాట నిజం కాదు

తిరుపతి దగ్గర చంద్రగిరి, రామచంద్రాపురం వైపు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. వానలు తగ్గి వంకలు, అంటే మన ఊరి వాగులు, చచ్చిపోయాయట. ఏడాదిలో పది రోజులు కూడా పారనిదాన్ని వంక అనకూడదట. 2021లో వచ్చింది వందేళ్లకోసారి వచ్చే వరదట, అది కూడా చెరువులు తెగడం వల్లేనట. కాబట్టి ఒక పైపు వేసి పూడ్చేస్తే రోడ్డు, ఇళ్ల స్థలాలు వస్తాయని ముగింపు. రోడ్డు అడగడంలో తప్పేం లేదు. కానీ దానికి చెప్పిన కారణాల్లో ఒక్కటీ నిలవదు.

వానల సంగతే ముందు చూద్దాం. పాత చిత్తూరు జిల్లాలో ఏటా సగటున 900 మిల్లీమీటర్ల పైచిలుకు పడుతుంది. అనంతపురం సగటు 550 దగ్గరే. మన వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాలతో వస్తుంది. వాన వెలిశాక కూడా వంక నెలల తరబడి సన్నగా పారేదని పెద్దవాళ్లు చెబుతారు. ఆ నీళ్లు నేలలోంచి వచ్చేవి. మన కింద ఉన్నది గట్టి రాయి. దాని మీద కొన్ని మీటర్ల మందాన పుచ్చురాయి, గరుసు ఉంటాయి, వాననీరు ఎక్కువగా నిలిచేది అందులోనే. బావుల్లో నీళ్లు పైపైనే ఉన్నంతకాలం ఆ ఊట వంకలోకి దిగేది. వంక ఇసుకలో ఊటకాలువలు తవ్వి, మోటారు లేకుండా మడికి నీళ్లు తెచ్చుకున్న ప్రాంతం మనది.

తర్వాత బోర్లు వచ్చాయి. మూడొందల అడుగులు చాలక ఐదొందలు, అదీ చాలక వెయ్యి. నీటిమట్టం వంక అడుగు కంటే కిందికి పోయింది. దాంతో నేల వంకకు నీళ్లివ్వడం ఆగి, వంకే నేలకు ఇవ్వడం మొదలైంది. నీళ్లను పట్టి ఉంచే ఇసుకను కూడా ట్రాక్టర్లలో తోలేశాం. వంక ఎండడానికి మొదటి కారణం ఇదీ. ఈ రోజు వంక పారే ఆ కొద్ది రోజులే పక్కనున్న బోర్లను నింపుతున్నాయి. పూడిస్తే ఎవరి మోటారు ముందు ఎండుతుందో పూడ్చమంటున్నవాళ్లే ఆలోచించాలి.

పారకపోతే వంక కాదనడానికి రికార్డు ఒప్పుకోదు. గ్రామ పటంలో దానికి దారి గీసి ఉంటుంది, అడంగల్‌లో వంక పోరంబోకు అనే రాసి ఉంటుంది. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మొరవ పోతే (అలుగు పారితే) ఆ నీళ్లు కింది చెరువుకు చేరేది ఈ వంక మీదుగానే. మధ్యలో మూసేస్తే నీళ్లు ఆగిపోవు, కొత్త దారి వెతుక్కుంటాయి.

2021 నవంబరులో కొన్నిచోట్ల కట్టలు తెగిన మాట నిజమే. కానీ కట్ట మీదికి అంత నీళ్లు తెచ్చింది వాన. రాయలచెరువు కట్టకు లీకు పడి దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు, ఆ కట్ట మాత్రం తెగలేదు. ఇక వందేళ్ల లెక్క. 2015 నవంబరులో వరద చూశాం. 2020లో నివర్ తుపాను, 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చాయి. వందేళ్లకోసారి అంటే ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం ఉందని అర్థం, మళ్లీ వందేళ్ల దాకా రాదని కాదు. ముప్పై ఏళ్లు ఉండే ఇంటికి ఆ వరద ఒక్కసారైనా తగిలే అవకాశం నూటికి 26. అంత రిస్కు ఉన్న స్థలాన్ని మన పిల్లలకు పట్టాగా ఇద్దామా?

పైపు సంగతి నాకు అన్నిటికంటే టెన్షన్ పెడుతోంది. వంకలోకి ఐదొందల ఎకరాల మీద పడిన వాననీళ్లు వస్తాయనుకోండి. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడి, అందులో సగమే పారినా, సెకనుకు దాదాపు 14 వేల లీటర్లు రావాలి. మీటరు వెడల్పు పైపు, మంచి వాలు ఉంటే, సెకనుకు రెండు వేల లీటర్లు లాగుతుంది. అంటే ఏడు పైపులు కావాలి, అదీ ఒక్క కంపా ఒక్క ప్లాస్టిక్ సంచీ అడ్డం పడకుండా ఉంటేనే. అందరూ అడుగుతున్నది ఒక్క పైపు. రోడ్డు కావాలంటే వంక వెడల్పు తగ్గించకుండా పైన కల్వర్టు కట్టమందాం. గ్రామసభలో తీర్మానం మీద సంతకం పెట్టేముందు ఇంజనీరును రెండు అంకెలు అడగండి: ఎన్ని ఎకరాల నీళ్లు లెక్కేశారు, గంటకు ఎంత వాన లెక్కేశారు.