ఉల్లిగడ్డల ఆటోకు శాలువా లేదు

మన నగరంలో ఒక విశ్వవిద్యాలయం వారు ఈమధ్య మూడు రోజుల పాటు సమకాలీన ఎలక్ట్రోఅకూస్టిక్ సంగీతోత్సవం జరిపారు. దాని కార్యక్రమ పుస్తకం నా దగ్గరుంది. ఆర్ట్ పేపరు, రంగుల అట్ట, రెండు ముందుమాటలు. అందులో ఒక కృతి కింద అచ్చేసిన కృతజ్ఞతలు చదివినప్పటి నుంచి నాకు సరిగ్గా అన్నం సయించడం లేదు. రికార్డింగుకు వాడిన జర్మనీ మైక్రోఫోను పేరు, మోడల్ నంబరు ఉన్నాయి. మైకుకు గాలి హోరు తగలకుండా తొడిగే బొచ్చు తొడుగు ఎవరు చేశారో ఉంది. సాఫ్ట్‌వేర్ పేరు వెర్షన్‌తో సహా ఉంది. నిధులిచ్చిన సంస్థ, వసతి ఇచ్చిన గెస్ట్‌హౌస్, ఓపిక పట్టినందుకు కంపోజర్ గారి పిల్లి, అందరూ ఉన్నారు. ఆఖర్న చిన్న అక్షరాల్లో 'గొంతు: హైదరాబాద్ వీధి' అని ఉంది.

పిల్లికి పేరుంది. చూసుకోండి మరి.

తెలియని వారి కోసం రెండు ముక్కలు. ఈ సంగీతం గాలివాటుగా పుట్టింది కాదు. 1948లో పారిస్‌లో పియర్ షెఫేర్ అనే రేడియో ఇంజనీరు రైల్వే స్టేషనుకెళ్ళి ఇంజన్ల చప్పుళ్ళు రికార్డు చేసుకొచ్చి, వాటిని కత్తిరించి, తిప్పి, మళ్ళీ మళ్ళీ వినిపించి ఇదీ సంగీతమే అన్నాడు. ఆ దారిలోనే ఇవాళ హాలు చుట్టూ స్పీకర్లు నిలబెట్టి, లైట్లు తగ్గించి, వేదిక ఖాళీగా వదిలేసి వినిపిస్తారు. వాయించేవాడు కనపడడు. నాకు దీనితో పేచీ ఏమీ లేదు. గణేశ్ నిమజ్జనం దారిలో ఇల్లున్నవాడికి లోకంలో ఏ సంగీతంతోనూ పేచీ ఉండదు.

మొదటి సాయంత్రం ప్రారంభోత్సవం. ఎనిమిది స్పీకర్లు అష్టదిక్పాలకుల్లా హాలు చుట్టూ నిలబడి ఉన్నాయి. ఇలాంటి ఏర్పాటులో మధ్యన కూర్చున్నవాడికే అన్ని వైపుల నుంచీ శబ్దం సమంగా అందుతుంది కాబట్టి మంచి సీట్లు మధ్యలో ఉంటాయి. ఈ కబురు మన సభా మర్యాదలకు ఇంకా చేరలేదు. ముఖ్య అతిథి గారికి ముందు వరుసలో తెల్ల తువ్వాలు పరిచిన సోఫా వేశారు, ఒకటో నంబరు స్పీకరుకు మూడడుగుల దూరంలో. కృతి నడిచిన పదకొండు నిమిషాలూ ఆయన కుడిచెవితో ఉత్సవానికి వచ్చారు, ఎడమచెవితో ప్రాణాలు దక్కించుకున్నారు.

అంతకు ముందు సన్మానం. చిక్కల్లా ఏమిటంటే కంపోజర్ గారు ఊళ్ళో లేరు. మూడు వారాలు ఇక్కడ తిరిగి, కావలసిన చప్పుళ్ళన్నీ మూటగట్టుకుని స్వదేశం వెళ్ళి, అక్కణ్ణుంచి ఫైలు పంపారు. శాలువా మాత్రం కొనేశారు. బిల్లు కూడా పెట్టేశారు. కొన్న శాలువా ఎవరికీ కప్పకపోతే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. వేదిక మీద చూస్తే మనిషన్నవాడు లేడు. ఒకటో నంబరు స్పీకరు ఉంది, నల్లగా, నిలువెత్తున, మాట్లాడకుండా, అన్ని విధాలా సన్మానానికి తగిన గాంభీర్యంతో. రిజిస్ట్రార్ గారు ఒక్క క్షణం తటపటాయించి దానికే కప్పారు. చప్పట్లు. ఫొటోగ్రాఫర్ "సార్, కొంచెం ఇటు జరగండి" అన్నాడు. స్పీకరు జరగలేదు, సారే జరిగారు. మెమెంటో దాని నెత్తిన పెట్టారు. వందన సమర్పణ చేసే ఆవిడ "సన్మాన గ్రహీత మౌనమే మనకు సందేశం" అన్నారు. నేను కల్పించడం లేదు, కల్పించగలిగితే నాకూ ఓ శాలువా వచ్చేది.

కృతి మొదలయ్యాక అసలు బాధ బయటపడింది. జరీ అంచు శాలువా సరిగ్గా ఆ పెట్టెలో సన్నటి శబ్దాలు వచ్చే చిన్న స్పీకరు మీద పడింది. ఏడు దిక్కుల నుంచి గాజు పగిలినట్టు వినపడుతోంది, ఎనిమిదో దిక్కు దుప్పటి కప్పుకుని మూలుగుతోంది. సౌండ్ చూసే కుర్రాడు వంగి వంగి వచ్చి కన్వీనర్ గారి చెవిలో "సార్, శాలువా తీసెయ్యాలి" అన్నాడు. ఎవరు తియ్యాలి? కప్పినవారే తీస్తే సన్మానం రద్దు చేసినట్టు. ఇంకొకరు తీస్తే అవమానించినట్టు. సన్మాన గ్రహీతే మెల్లగా తీసి, మడిచి, చంకన పెట్టుకోవడం మన ఆచారం. సన్మాన గ్రహీతకు చేతులు లేవు. కమిటీ సభ్యులు నలుగురు చీకట్లో గుసగుసలాడుకుని, విషయాన్ని మర్నాటి సమావేశానికి వాయిదా వేశారు. ఈలోపు మంద్ర స్థాయి వచ్చినప్పుడల్లా పైనున్న మెమెంటో టకటకమని వణికేది. నా వెనక సీట్లో ఒక పెద్దమనిషి ఆ టకటకకు తాళం వేస్తూ "లయ ఇప్పుడు దొరికింది" అన్నారు. విరామంలో మరొకాయన ఎడమ పక్క నాదంలో ఏదో ఆర్ద్రత ఉందని అందరికీ చెప్పుకొచ్చారు. ఆ ఆర్ద్రత పాలిస్టర్ అని ఎవరూ చెప్పలేదు.

ముఖ్య అతిథి ఉపన్యాసం కృతికి నాలుగింతలు. సారాంశం, ఇలాంటిది దేశంలోనే మొదటిసారి. అయ్యా, అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే యంత్రంతో, ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో పెట్టారు. సంగీతకారిణి గీతా సారాభాయి పూనుకున్నారు, అమెరికా నుంచి కంపోజర్ డేవిడ్ ట్యూడర్ వచ్చి అమర్చారు. అక్కడ మనవాళ్ళు చేసిన టేపులు దశాబ్దాల పాటు బీరువాలో ఉండి ఈమధ్యే బయటపడ్డాయి. ఎక్కడ చప్పుడు చేస్తే ఎక్కడ వినపడాలో లెక్కగట్టడమంటారా, గోల్కొండ ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినపడుతుంది, గైడుకు డబ్బులిస్తే ఎన్నిసార్లయినా కొట్టి చూపిస్తాడు. సరే, వదిలేద్దాం. వేదికెక్కినవాడికి ఏదైనా మొదటిసారే.

ఇప్పుడు ఆ 'హైదరాబాద్ వీధి' దగ్గరికి వద్దాం.

ఆ వీధి నాకు బాగా తెలుసు. ఒక ట్రాలీ ఆటో, వెనక ఉల్లిగడ్డల బస్తాలు, డ్రైవరు నెత్తి మీద తీగతో కట్టిన చిన్న మైకుసెట్టు, అందులో మెమరీ కార్డు. "ఉల్లిగడ్డలూ... ఉల్లిగడ్డలు! వంద రూపాయలకు నాలుగు కిలోలు! ఎర్ర ఉల్లిగడ్డలు, ఆరిన ఉల్లిగడ్డలు!" తర్వాత చిన్న దగ్గు. ఇంట్లో కూర్చుని ఫోనులో రికార్డు చేసుకున్నాడని వెనక వినపడే కుక్కరు కూతే చెబుతుంది. చివర్లో దూరం నుంచి ఒక ఆడగొంతు "అయిపాయెనా?" అంటుంది, ఆ 'నా' పూర్తవకముందే తెగిపోయి మళ్ళీ "ఉల్లిగడ్డలూ..." మా కాలనీలో పిల్లలు దగ్గుతో సహా అప్పచెబుతారు. షెఫేర్ గారికి రేడియో స్టేషను అంతా కావలసి వచ్చిన పని ఇతను కుక్కరు దించేలోపు చేశాడు.

కంపోజర్ గారు ఆ ఆటో వెంట తిరిగి దాన్ని రికార్డు చేశారు. ఉల్లిగడ్డల్ని ముక్కలు ముక్కలుగా తరిగారు. దగ్గును పిడుగు చేశారు. ఆ ఇల్లాలి "అయిపాయెనా"ను సాగదీసి సాగదీసి నాలుగు నిమిషాల పాటు హాలు చుట్టూ తిప్పారు. పుస్తకంలో దీన్ని 'నగరం గర్భం నుంచి వెలువడే ఆదిమ స్త్రీ ప్రశ్న' అన్నారు. ఆవిడ అడిగింది రికార్డింగు అయిపోయిందా, అన్నం పెట్టనా అని.

సరిగ్గా ఆ ఆదిమ ప్రశ్న ఐదో స్పీకరు నుంచి ఆరో స్పీకరుకు పాకుతుండగా, ఎవరో ఫోను మాట్లాడ్డానికి బయటికెళ్తూ తలుపు తెరిచి వదిలేశారు. బయటి నుంచి వినపడింది. "ఉల్లిగడ్డలూ... ఉల్లిగడ్డలు! వంద రూపాయలకు..." కొన్ని తలలు తొమ్మిదో స్పీకరు కోసం వెనక్కి తిరిగాయి. మౌనం పాటించమని అట్టలు పట్టుకున్న వాలంటీర్లు పరుగు తీశారు. వాళ్ళ వెనకే నేనూ. లోపలి ఉల్లిగడ్డల కన్నా బయటివి నాకు అవసరం.

గేటు దగ్గర ఒక కుర్రాడు చాలా మర్యాదగా చెబుతున్నాడు. "అంకుల్, ప్లీజ్, లోపల మీ రికార్డింగే నడుస్తోంది. మీ వాయిస్ డిస్టర్బ్ అవుతోంది."

ఆయన ఆటో ఆపి కాసేపు ఆలోచించాడు. "లోపట నాదే నడుస్తుంటె, నా దానికి నాది డిస్టర్బ్ ఎట్లయితది తమ్మీ?"

సౌందర్యశాస్త్రంలో ఇంత మంచి ప్రశ్న ఆ మూడు రోజుల్లో ఎవరూ వెయ్యలేదు. కుర్రాడి దగ్గర జవాబు లేదు, సెక్యూరిటీ గార్డు దగ్గర ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు తీశాడు. విద్యాసంస్థ చుట్టూ ప్రభుత్వం ప్రకటించిన సైలెన్స్ జోన్‌లో పగలు 50 డెసిబెల్స్ దాటకూడదు, మైకుకు రాతపూర్వక అనుమతి ఉండాలి. అన్నీ నిజమే. లోపల సోఫా మీద మనిషి చెవి పోతున్న సంగతి ఆ నిబంధనల్లోకి రాదు, అది కళ. ఆటో అప్పటికీ కదలకపోయేసరికి గార్డు మైకుసెట్టు వైరు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. "ఉల్లిగ" అని ఆగిపోయింది. లోపలి నుంచి చప్పట్లు వినపడ్డాయి. కృతి అయిపోయిందట.

మిమ్మల్ని ఎవరైనా రికార్డు చేసుకుంటామని అడిగారా అన్నాను. "గా బొచ్చు కట్టె వట్టుకొని ఎన్కెన్క తిరిగినాయనే గద? అడగలే. అరకిలో గూడ కొనలే." ఆయన నవ్వాడు. మా ఆవిడ గొంతు కూడా వేశారా అని అడిగాడు, అప్పుడు నవ్వలేదు.

మర్నాడు పొద్దున కంపోజర్ గారితో వీడియో కాల్‌లో ముఖాముఖి. ఒక ఎం.ఏ. అమ్మాయి లేచి, ఆ గొంతు మనిషికి ఏమైనా ఇచ్చారా అని అడిగింది. ఆయన నొచ్చుకున్నారు. షెఫేర్ చెప్పిన ఒక పద్ధతి ఉందట. శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు చేశారు అన్నది పక్కనపెట్టి, శబ్దాన్ని శబ్దంగానే వినాలట. మూలాన్ని తలుచుకోవడం అపరిపక్వ శ్రోత లక్షణమట. కన్వీనర్ గారు తల ఊపారు. సమయాభావం వల్ల తర్వాతి ప్రశ్నకు వెళ్ళారు.

చెవికి శిక్షణ ఇవ్వడానికి ఆ మహానుభావుడు చెప్పినదాన్ని మీరు జేబు కాపాడుకోవడానికి వాడుకుంటారా? మైకు ఎక్కణ్ణుంచి వచ్చిందో గుర్తుంది, ఫౌండేషన్ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో గుర్తుంది, గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం మర్చిపోయి వినాలా? అమెరికన్ కంపోజర్ స్టీవ్ రైష్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆరుబయట ఒక ప్రబోధకుడి గొంతు రికార్డు చేసి, 1965లో దానితో కృతి కట్టాడు. ఆ గొంతు బ్రదర్ వాల్టర్ అనే ఆయనదని అరవయ్యేళ్ళ తర్వాత హైదరాబాదులో ఉన్న నాకు తెలుసు. మీ గేటు ముందు రోజూ తిరిగే మనిషి పేరు మీకు తెలియదు. తెలుసుకోవడానికి ఏం కావాలి? జర్మనీ పరికరం అక్కర్లేదు. "అన్నా, నీ పేరేంది?" అంటే చాలు. తెల్లారకముందే మలక్‌పేట మార్కెట్లో బస్తాలెత్తే మనిషి అది. వీధి వ్యాపారుల కోసం పార్లమెంటు 2014లో చట్టం చేసింది, వాళ్ళను ఇష్టమొచ్చినట్టు తరిమెయ్యకూడదని అందులోనే ఉంది. అదే విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం పాఠం చెబుతారు. వాళ్ళ ఇంట్లో పొయ్యి దగ్గర ఆవిడ తన భర్తను అడిగిన మాటను చెప్పాపెట్టకుండా ఎత్తుకొచ్చి మీరు ఎనిమిది స్పీకర్లలో తిప్పుతారు. దాని కింద మీ పేరు రాసుకుంటారు. ఇది దొంగతనం. మెత్తగా చెప్పడానికి నాకు చేతకావడం లేదు.

నేనైనా ఇక్కడ పేరు రాద్దామనుకున్నాను. ఆయనే వద్దన్నాడు. "రాయకుర్రి సార్. మున్సిపాలిటోళ్లు చదివితె బండి గుంజుకపోతరు."

కాబట్టి పేరు సంగతి అలా ఉంచి, తెగిన వైరు గురించి ఉత్సవ కమిటీకి ఆయన తరఫున ఒక ఉత్తరం రాశాను. మైకుసెట్టు కోఠి గుజరాతీ గల్లీలో బాగుచేయించాలి, ఖర్చు మీరు పెట్టుకోండి అన్నాను. కమిటీ వెంటనే స్పందించింది, అది ఒప్పుకోవాలి. మరమ్మతు పద్దు కింద పరిశీలిస్తాం, మూడు దుకాణాల నుంచి సీలు వేసిన కొటేషన్లు జత చేయండి, శబ్ద పరికరం యజమాని పాన్ కార్డు నకలు కూడా పెట్టండి అని రాశారు. గుజరాతీ గల్లీలో మొదటి దుకాణం అబ్బాయి వైరు చూసి, అక్కడికక్కడే అతికించి, యాభై రూపాయలు తీసుకున్నాడు. కొటేషన్ ఇవ్వమంటే అదేం పార్టు, ఏ మోడల్‌కు వస్తుంది సార్ అన్నాడు.