వెండి చారలు

జూలై నెల. జీడిమెట్లలో రాత్రంతా వాన. బస్టాపు నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా పిక్కల లోతు నీళ్లలో నడిచి ఉదయం ఆరింటి షిఫ్టుకు చేరాను. పదింటి దాకా అంతా ప్రశాంతం. ఆ తర్వాత, ప్లాస్టిక్ కరిగించి అచ్చులోకి నెట్టే 150 టన్నుల మెషిన్ మీద గొడవ మొదలైంది.

అందులో మిక్సీ జార్ పిడి తీస్తున్నాం, నల్ల ఏబీఎస్ ప్లాస్టిక్‌తో. అద్దంలా మెరవాల్సిన పిడి మీద ఈ చివర నుంచి ఆ చివరకి వెండి చారలు. నత్త పాకినట్టు.

పీసు చెడిందంటే చాలు, మా షాపులో సలహా చెప్పనివాడు ఉండడు. మేనేజర్ గారు వచ్చి "బ్యారెల్ వేడి ఎక్కువైంది, తగ్గించు" అన్నారు. 10 డిగ్రీలు తగ్గించాను. పిడి చివర నిండకుండా మొండిగా వచ్చింది. ప్రెషర్ పెంచాను. నిండింది, కానీ అచ్చు రెండు ముక్కలు కలిసే చోట చేపకు రెక్కల్లా ఫ్లాష్ లేచింది. అచ్చు నిండాక పట్టి ఉంచే హోల్డింగ్ ప్రెషర్ తగ్గిస్తే లావు భాగంలో బుగ్గసొట్టలా సింక్ పడింది. స్పీడు పెంచితే కొసన గాలి ఇరుక్కుని మాడి, దిష్టిచుక్క పెట్టింది. గంటన్నరలో పుస్తకంలో ఉన్న లోపాలన్నీ పిడి మీదకి రప్పించాను. ప్లాస్టిక్ చదువులు చెప్పే చర్లపల్లి సిపెట్‌కి పంపితే పిల్లలకు పాఠం చెప్పుకునేవాళ్లు. వెండి చారలు మాత్రం చెక్కుచెదరలేదు.

"మాల్ తడిగున్నది సార్" అన్నాడు ఆపరేటర్ అన్న. ఇరవై ఏళ్ల సర్వీసు.

"గింజలు ఎండబెట్టే డ్రయర్ మీటర్ 80 చూపిస్తోంది కదన్నా! పొద్దున్నుంచీ ఎండుతూనే ఉంది. ఏబీఎస్‌కి 80 డిగ్రీల్లో రెండు నుంచి నాలుగు గంటలు చాలు."

ఆయన వాదించలేదు. నాజిల్ వెనక్కి జరిపి ఓ ముద్ద కక్కించాడు. పాకంలా నున్నగా జారాల్సింది, చిటపటమంటూ, పుల్లట్టు మీద బుడగల్లా పొంగుతూ పడింది. ప్లాస్టిక్ గింజల్లోని తడి ఆవిరవుతోంది. ఆ ఆవిరే అచ్చులో సాగి చారలవుతోంది. పరీక్షలో రాసి మార్కులు కొట్టేసిన పాఠమే. అయినా నేను మీటర్‌నే నమ్మాను.

"డ్రయర్ల ఏదో వాసనొస్తున్నది సార్."

"కొత్త బ్యాచ్ కదన్నా, మాల్ వాసనే అయ్యుంటుంది."

"మాల్ వాసన కాదు సార్. ఇది మనిషి వాసన."

అప్పుడు నా గుండె జారింది. నేను నోరు తెరిచేలోపే ఆయన డ్రయర్ వెనక్కి వెళ్లిపోయాడు. బ్లోయర్ గాలి పీల్చుకునే జాలీకి రెండు సాక్సులు బల్లుల్లా అతుక్కుని ఉన్నాయి. బూడిద రంగువి. ఒకదానికి బొటనవేలి దగ్గర చిల్లు.

అందరూ ఒక్కసారిగా నా కాళ్ల వైపు చూశారు. సేఫ్టీ షూలో ఉత్త కాళ్లు.

పది నిమిషాల్లో ఆరిపోతాయి, టీ టైముకి తీసేద్దాం అనుకుని పెట్టాను. టీకి మిర్చి బజ్జీలు వచ్చాయి. మర్చిపోయాను. జాలీ మూసుకుపోయేసరికి వచ్చే గాలి పిసరంత. ఆ పిసరంత గాలినే హీటర్ వేడి చేసుకుని, 80 అని చూపించి హాయిగా కూర్చుంది. గింజల దాకా వెళ్లిందెక్కడ? రాత్రి షిఫ్టు వాళ్లు ఎండబెట్టిన సరుకు పదింటి దాకా నన్ను కాపాడింది, అంతే. సాక్సులు మాత్రం బ్రహ్మాండంగా ఆరాయి, అప్పడాల్లా.

చారల పిడులు ఒక పెట్టె అప్పటికే కస్టమర్ దగ్గరికి వెళ్లిపోయింది. ఐదుసార్లు 'ఎందుకు' అని ప్రశ్నించుకుంటూ రిపోర్టు రాయమన్నారు. చారలెందుకు? తడి వల్ల. తడెందుకు? గింజలు ఎండలేదు. ఎందుకు? గాలి అందలేదు. ఎందుకు? జాలీకి అడ్డం పడింది. ఏం అడ్డం పడింది? కాసేపు పెన్ను కొరికి "బయటి వస్తువు" అని రాసి పంపాను.

మర్నాడు వాళ్ల క్వాలిటీ ఆయన ఫోన్ చేశాడు. రిపోర్టు బాగుందట. ఆ బయటి వస్తువు ఫొటో ఒకటి జత చేయాలట.

టేబుల్ మీద పరిచి ఫోన్ తీశాను. ఆపరేటర్ అన్న వెనక నుంచి వంగి చూశాడు.

"చిల్లున్న దిక్కు లోపలికి మడవండి సార్."