మనలో మనకి లెక్కలెందుకు?

ఈసారి ఉగాది వేడుకలో భోజనాల వరసలో నిలబడి ఉండగా నలుగురు పిల్లలు నా దగ్గరికొచ్చారు. పోయిన అక్టోబరులో మాస్టర్స్‌కి జర్మనీ వచ్చినవాళ్ళు. "అక్కా, ఆగస్టులో యూరప్ ట్రిప్ వేస్తున్నాం, ప్లాన్ ఒకసారి చూస్తారా?" అంటూ ఫోన్ నా చేతిలో పెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్, బ్రస్సెల్స్, పారిస్, జ్యూరిక్, మిలాన్, వెనిస్, వియన్నా, ప్రాగ్. పది రోజుల్లో ఎనిమిది ఊళ్ళు, ఏడు దేశాలు, అన్నీ రైల్లోనే. ఎక్సెల్ షీట్‌లో ఊరికో రంగు వేశారు. ఏ వంతెన మీద ఏ పూట ఫొటో దిగాలో కూడా రాసుకున్నారు. డబ్బు కాలమ్ ఒక్కటే ఖాళీ.

"అది తర్వాత స్ప్లిట్‌వైజ్ యాప్‌లో వేసి పంచుకుంటాం అక్కా, మనలో మనకి లెక్కలెందుకు?" అన్నాడు ఒకబ్బాయి. అందరూ నవ్వారు. ఒకమ్మాయి మాత్రం కాస్త ఆలస్యంగా నవ్వింది.

ఆ ఆలస్యం నాకు తెలుసు. 2015లో మేం నలుగురం అమ్మాయిలం జర్మనీలోని కెమ్నిట్జ్ నుంచి ఇటలీ బయల్దేరాం. ఇద్దరిది గుంటూరు, ఒకరిది వరంగల్, నాది తణుకు. వెనిస్‌లో మొదటి రోజు మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో కూర్చుంటే మా వరంగల్ పిల్ల నీళ్ళు మాత్రం తాగింది. "ఇవాళ శనివారం, ఒక్కపొద్దు" అంది. సరే అనుకున్నాం. మర్నాడు కడుపు బాగాలేదంది. కాలవల్లో తిరిగే వాటర్ బస్ ఎక్కుదామంటే, నడిస్తేనే ఊరు తెలుస్తుందని తను నడిచొచ్చింది. మిలాన్‌లో డువోమో చర్చి పైకప్పు ఎక్కడానికి టికెట్లు కొంటుంటే తనకి ఎత్తంటే భయమంది. మేం ముగ్గురం పైన ఫొటోలు దిగుతుంటే కింద మెట్ల మీద కూర్చుని మా బ్యాగులు కాసింది.

రెండేళ్ళ తర్వాత ఏదో మాటల్లో అసలు సంగతి చెప్పింది. గోడౌన్‌లో చేసే పార్ట్‌టైమ్ పని ఆ నెలలోనే పోయిందట. టికెట్లకీ హాస్టళ్ళకీ తన వాటా ఇచ్చేశాక చేతిలో మిగిలింది నలభై యూరోలు. "మరి ఒక్కపొద్దు?" అని అడిగాను. "అది అబద్ధం కాదే, ఆదివారం కూడా ఉన్నా, అంతే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ట్రిప్ ప్లాన్ చేసింది నేనే.

అందుకే ఈ వ్యాసం. మొదటిసారి స్నేహితులతో రైలు ప్రయాణం పెట్టుకుంటే, మ్యాప్ తెరిచేముందు డబ్బు సంగతి తేల్చుకోండి. నలుగురిలో ఎవరి జేబు చిన్నదో, ఆ జేబే అందరి బడ్జెట్. మిగతావన్నీ, అంటే ఏ ఊళ్ళు, పాసా టికెట్లా, హాస్టలా రాత్రి రైలా అన్నవన్నీ దాని వెనకే నడుస్తాయి. మనవాళ్ళు దీన్ని తిరగేసి చేస్తారు. ఊళ్ళు ముందు, డబ్బు తర్వాత. లోపల గుబులున్నవాళ్ళు గ్రూప్‌లో బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటారు.

నలుగురిలో కూర్చుని "నీ దగ్గర ఎంతుంది?" అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. నేను చెప్పే పద్ధతి ఇది. ట్రిప్‌కి రాని ఒకరిని, సీనియరో రూమ్మేటో, మధ్యలో పెట్టుకోండి. ప్రతి ఒక్కరూ తాము మొత్తం ఎంత ఖర్చు పెట్టగలరో వాళ్ళకి విడిగా మెసేజ్ చేయాలి. వాళ్ళు అన్నిటికంటే చిన్న అంకె ఒక్కటే గ్రూప్‌లో వేస్తారు. అది ఎవరిదో చెప్పరు, ఎవరూ అడగరు. రైళ్ళు, పడక, ఊళ్ళో తిరిగే టికెట్లు, రోజుకో భోజనం అందులోనే సరిపోవాలి. ఆపైన ఎవరికైనా డబ్బుంటే కేకులు తినండి, మ్యూజియంలు చూడండి, మీ ఇష్టం. కానీ నలుగురూ కలిసి చేసే ఖర్చు మాత్రం ఆ అంకె దాటకూడదు.

"తక్కువైతే నేను కడతాలే, తర్వాత ఇవ్వొచ్చు" అంటారు కొందరు మంచి మనసుతోనే. అది అప్పు. వీసా కోసం ముందే బ్యాంకులో వేసి నెలనెలా తీసుకునే బ్లాక్డ్ అకౌంట్ లెక్క 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోలు. అందులో గది అద్దె, ఇన్సూరెన్స్, తిండి పోగా మిగిలే దాంట్లోంచి స్నేహితుడి అప్పు తీర్చడం ఎలా ఉంటుందో తీర్చినవాళ్ళని అడగండి. ఇంటి దగ్గర ఎడ్యుకేషన్ లోన్ మీద వడ్డీ ఎలాగూ పెరుగుతూనే ఉంటుంది.

ఇక పాస్ సంగతి. పిల్లల ప్లాన్‌లో మొదటి వరసే "ఇంటర్‌రైల్ పాస్, 7 డేస్". యూరప్‌లో చాలా దేశాల రైళ్ళకి ఒకే పాస్ ఇది. 1972లో మొదలైనప్పుడు 21 ఏళ్ళ లోపువాళ్ళకే, 21 దేశాల్లోనే ఉండేది. ఇప్పుడు ఏ వయసువాళ్ళైనా కొనొచ్చు, 33 దేశాల్లో తిరగొచ్చు. మన చేతిలో ఇండియన్ పాస్‌పోర్టు ఉంది కాబట్టి యూరైల్ కొనాలేమో అని చాలామంది అడుగుతుంటారు. యూరప్ బయట ఉండేవాళ్ళకి యూరైల్. ఇక్కడే ఉంటున్నట్టు రెసిడెన్స్ కార్డు ఉన్నవాళ్ళకి ఇంటర్‌రైల్. నెల రోజుల్లో ఏవైనా ఏడు రోజులు రైలెక్కే పాస్ యువతకి సుమారు మూడొందల యూరోలు. యువత అంటే 27 ఏళ్ళ దాకా. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ఉద్యోగం చేసి మాస్టర్స్‌కి వచ్చినవాళ్ళు గ్రూప్‌కి ఒకరైనా ఉంటారు, వాళ్ళకి 28 నిండితే పెద్దల రేటు పడుతుంది. ఇది కూడా ముందే చూసుకోవాలి. పైగా మనం ఉంటున్న దేశంలో ఆ పాస్ బయటికెళ్ళడానికి ఒక ప్రయాణం, తిరిగి రావడానికి ఒక ప్రయాణం వరకే పనికొస్తుంది.

పాస్ ఉంటే ఇంకేమీ కట్టక్కర్లేదన్నది పెద్ద అపోహ. జర్మనీ, ఆస్ట్రియా, నెదర్లాండ్స్ లోపల తిరిగే రైళ్ళు చాలావరకు అలాగే ఎక్కొచ్చు. యూరోస్టార్, ఫ్రాన్స్ టీజీవీ, ఇటలీ హైస్పీడ్ రైళ్ళకి సీటు రిజర్వేషన్ తప్పనిసరి, దానికి విడిగా డబ్బు. ఇటలీలో పది యూరోల పైన, యూరోస్టార్‌కి సుమారు ముప్ఫై అవుతుంది. పాస్ ఉన్నవాళ్ళకని కొన్ని సీట్లే పెడతారు, ఆగస్టులో అవి ముందే అయిపోతాయి. పిల్లల ప్లాన్‌లో పారిస్ చుట్టుపక్కల ఉన్న రైళ్ళన్నీ ఇలాంటివే.

పాస్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. నెల రోజుల సెలవుండి, పొద్దున్నే లేచి ఎటు బుద్ధి పుడితే అటు వెళ్ళేవాళ్ళకి అంత సుఖం ఇంకోటి లేదు. మొదటి ట్రిప్‌వాళ్ళ చేతిలో మాత్రం అది పెళ్ళి బఫే ప్లేటు అవుతుంది. డబ్బు కట్టేశాం కదా అని ఇంకో ఊరు, ఇంకో దేశం వడ్డించుకుంటారు. పది రోజుల్లో ఎనిమిది ఊళ్ళంటే సగం రోజులు స్టేషన్లలో బ్యాగులు పెట్టే లాకర్లు వెతుక్కోవడానికే సరిపోతాయి.

నన్నడిగితే మొదటిసారి ఒకే లైను పట్టుకోండి. బెర్లిన్, డ్రెస్డెన్, ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ దాదాపు ఒకే దారిలో ఉన్నాయి. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ రెండున్నర గంటల లోపే, ప్రాగ్ నుంచి వియన్నా నాలుగు గంటలు, అక్కణ్ణించి బుడాపెస్ట్ రెండు గంటల నలభై నిమిషాలు. నెలా రెండు నెలల ముందు కొంటే ఒక్కో ముక్క పదిహేను నుంచి పాతిక యూరోల్లో దొరకడం మామూలే. డ్రెస్డెన్ దాటాక ఎల్బే నది పక్కనే, ఇసుకరాతి కొండల కింద నుంచి రైలు వెళ్తుంటే ఫోన్లు వాటంతటవే పక్కకి పోతాయి. బెర్లిన్ నుంచి వస్తుంటే ఎడమవైపు కూర్చోండి, నది అటే ఉంటుంది.

సరిహద్దు దాకా వచ్చే ఖర్చు చాలామందికి అసలుండదు. ఎక్కువ యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజులోనే డాయిష్‌లాండ్ టికెట్, అంటే జర్మనీ అంతా రీజనల్ రైళ్ళెక్కే నెలవారీ టికెట్, వచ్చేస్తోంది. 2023 మేలో 49 యూరోలతో మొదలై 2025లో 58కి, 2026 జనవరి నుంచి 63కి పెరిగిన టికెట్టే అది. ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణపు రైళ్ళు ఎక్కనివ్వరు కానీ, ఓపిక ఉంటే రీజనల్ రైళ్ళలో మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా దాంతోనే వెళ్ళిపోవచ్చు. అలా ఆస్ట్రియా గడ్డ మీద పైసా ఖర్చు లేకుండా కాలు పెట్టొచ్చు.

ముందే కొనే చవక టికెట్‌కి ఒక మెలిక ఉంది. ఏ రైలుకి కొన్నారో ఆ రైలే ఎక్కాలి. ఒకరు షాపులో ఆలస్యం చేస్తే నలుగురి డబ్బూ పోతుంది, మళ్ళీ కొనలేనివాళ్ళకే ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. రైలే ఆలస్యమైతే వేరు. జర్మనీలో చేరేసరికి ఇరవై నిమిషాలో అంతకు మించో ఆలస్యమయ్యేలా ఉంటే ఆ కట్టుబాటు పోతుంది, వేరే రైలెక్కొచ్చు. గంట ఆలస్యానికి టికెట్ ధరలో పావు వంతు, రెండు గంటలకి సగం వెనక్కిస్తారు. ఈ రూల్స్ బాగా పనికొస్తాయి, ఎందుకంటే 2024లో జర్మనీ దూరప్రయాణపు రైళ్ళలో వేళకి చేరినవి 62.5 శాతమే. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం కాదనుకుంటే. ఇన్నాళ్ళూ గోదావరి ఎక్స్‌ప్రెస్‌ని తిట్టుకున్నందుకు నేను మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. రైలు మారాల్సి ఉంటే రెండు ముక్కలూ ఒకే టికెట్‌గా కొనండి. విడివిడిగా కొంటే రెండోది తప్పినా అది మీ పాటే.

మనకి ఇంకో అలవాటు. టికెట్ అంటే బెర్త్ నంబరు అనుకుంటాం. జర్మనీ రైళ్ళలో టికెట్ వేరు, సీటు వేరు. మన దగ్గరలా వెయిటింగ్ లిస్టు ఉండదు, నిలబడైనా వెళ్ళొచ్చు. శుక్రవారం సాయంత్రమైతే సీట్లు రిజర్వ్ చేసుకోండి, మిగతా రోజుల్లో నేనైతే చేయను.

రాత్రి రైలెక్కితే హాస్టల్ డబ్బు మిగులుతుందన్నది అందరికీ వచ్చే ఐడియా. అందులో కూర్చునే సీటు కొని నిద్రపోతామనుకోకండి. ఎదురు మనిషి మోకాళ్ళు తగులుతూ తెల్లారుతుంది, మర్నాడంతా పార్కు బెంచీ మీద పోతుంది. లీగెవాగెన్ అని ఉంటుంది, మన స్లీపర్‌లాగే బెర్తులు, కాకపోతే కేబిన్‌కి తలుపు. నైట్‌జెట్ అనే రాత్రి రైళ్ళలో దుప్పటి, పొద్దున్నే కాఫీ, బ్రెడ్డు కూడా ఇస్తారు. ఆ ధరని ఒకసారి హాస్టల్ ధరతో పోల్చి చూసి తేల్చుకోండి. ఇంకో మాట, కొన్ని రైళ్ళు మధ్యలో రెండుగా విడిపోయి చెరో ఊరికీ వెళ్తాయి. బోగీ మీద రాసిన ఊరి పేరు చదివే ఎక్కండి.

చిన్న జేబు కాగితాల విషయంలో కూడా ఉంటుంది. నలుగురిలో ఒకరి రెసిడెన్స్ కార్డు ఇంకా రాకపోతే సరిహద్దు దాటే ముందు ఫారినర్స్ ఆఫీసులో అడిగి తీరాలి. మిగతావాళ్ళు "ఏం కాదులే, ఎవరు చూస్తారు" అనకూడదు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది, పోలీసులు రైల్లోకే వస్తారు. అసలు పాస్‌పోర్టు, కార్డు రెండూ దగ్గరుండాలి, ఫోన్లో ఫొటో చూపిస్తే కుదరదు. కాగితం తేలకపోతే ఈసారికి నలుగురూ జర్మనీలోనే తిరగండి, ప్రాగ్ ఎక్కడికీ పోదు.

ఊళ్ళల్లో ఖర్చు గురించి ఎక్కువ చెప్పను. ప్రాగ్‌లో చార్లెస్ వంతెన మీదికి తెల్లవారుజామున వెళ్ళండి, మనుషులుండరు, టికెట్టూ లేదు. బుడాపెస్ట్‌లో 1896 నాటి మెట్రో లైన్ మామూలు టికెట్‌తోనే ఎక్కొచ్చు. వియన్నా ఒపేరాలో నిలబడి చూసే చవక టికెట్లుంటాయి కానీ జులై, ఆగస్టుల్లో ప్రదర్శనలుండవు. చెక్ కొరునాలు, హంగరీ ఫోరింట్లు తీసేటప్పుడు ఏటీఎం "యూరోల్లో లెక్క కట్టమంటారా?" అని మర్యాదగా అడుగుతుంది. వద్దని నొక్కండి, ఆ మర్యాద ఖరీదైనది.

ఇదంతా ఆ రోజు భోజనాల వరసలో చెప్పలేదు. అంకెల సంగతి ఒక్కటే చెప్పి, మధ్యలో మనిషిగా నన్నే పెట్టుకోమన్నాను. రెండు రోజుల్లో నాలుగు మెసేజీలొచ్చాయి. అన్నిటికంటే పెద్ద అంకె చిన్నదానికి మూడు రెట్లకి పైనే. చిన్న అంకె గ్రూప్‌లో వేశాను. గంట సేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత, లెక్కలెందుకన్న ఆ అబ్బాయే ఎక్సెల్ షీట్‌లో అయిదు ఊళ్ళు కొట్టేసి ఒకటి కలిపాడు. ప్రాగ్, వియన్నా, వెనిస్, బుడాపెస్ట్ మిగిలాయి. మర్నాటికి వెనిస్ కూడా పోయింది.

నిన్న, ఆలస్యంగా నవ్విన ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, రైల్లోకి పులిహోర చేద్దామనుకుంటున్నాం, ఎన్ని రోజులుంటుంది?"

చింతపండుదైతే మర్నాటి దాకా ధైర్యంగా తినొచ్చు, నిమ్మకాయదైతే ప్రాగ్ చేరేలోపే అవగొట్టేయండి అన్నాను.