నల్లమూతి ఉంటేనే నెల్లూరు గొర్రెనా?

విత్తనపు పొట్టేళ్ల బేరాలు మొదలైతే చాలు, ఉదయగిరి, కనిగిరి మెట్టల వాట్సాప్ గ్రూపుల్లో ఈ ముక్క తిరుగుతుంది: "కళ్ల చుట్టూ, మూతి మీద నలుపున్న జుడిపే అసలు నెల్లూరు. ఎర్రవీ, ఒట్టి తెల్లవీ సంకరం. మెడ చన్నులు (మెడ కింద వేలాడే కండలు) లేనిది నకిలీ. నలుపెంతో బరువంత." ఒక్కటీ నిలిచే మాట కాదు.

ఎర్రవి సంకరం కావు. ఈ జాతిలోనే మూడు రంగులున్నాయి. నిలువెల్లా తెలుపు, లేదా తల, మెడ, వీపు, కాళ్ల మీద లేత గోధుమ మచ్చలుంటే పల్ల. తెల్లటి ఒంటి మీద పెదవులు, కళ్లు, కింది దవడ దగ్గర నలుపుంటే జుడిపి. ఆ నలుపు ఒక్కోదానికి పొట్టకూ కాళ్లకూ కూడా ఉంటుంది. ఒళ్లంతా ఎరుపు గోధుమైతే దొర, అదే బ్రౌన్. పొడవాటి కాళ్లు, కోల ముఖం, వేలాడే చెవులు, పొట్టి సన్న తోక మూడింటికీ ఒకటే.

సంకరాన్ని బొచ్చులో వెతకాలి. నెల్లూరు గొర్రెకు ఉన్ని పట్టదు. రొమ్ము, మూపు, పిర్రల దగ్గర మాత్రం కాస్త బొచ్చుంటుంది. వీపు మీద పాయ తీసి చూడండి. దట్టంగా ఉన్ని కనబడితే ఉన్ని పట్టే దక్కని జాతి రక్తం కలిసిందేమో అనుమానించాలి.

మెడ చన్నులు నూటికి ఎనభైకి పైగా గొర్రెలకు ఉంటాయి. లేని మిగతావీ ఈ జాతివే. మేకమెడ చన్ను పాలివ్వదని సామెత ఉండనే ఉంది, ధర మాత్రం ఎందుకు పెంచాలి?

ఇక బరువు. రంగును నడిపే జన్యువులు కొన్నే. బరువు వెనక చాలా జన్యువులతో పాటు తల్లి పాలు, మేత, కడుపులో నట్టలు (పురుగులు), పుట్టిన నెల అన్నీ ఉంటాయి. కవల పిల్ల ఒంటి పిల్ల కంటే తేలిగ్గా పుడుతుంది, అది రంగు తప్పు కాదు. ఒకే మందలో, ఒకే నెలలో పుట్టినవాటిని పరగడుపున తూచి, 3 నెలల, 6 నెలల బరువులు పోల్చండి. సంతలో కడుపునిండా నీళ్లు తాగించి నిలబెట్టినదాన్ని కంటితో అంచనా వేస్తే మోసపోతారు.

నల్లమూతే కావాలని పట్టుబడితే అసలు నష్టం దొడ్డిలోనే. 25, 30 గొర్రెలకు ఒక పొట్టేలు చాలు. నచ్చిన రంగని దాన్నే ఏళ్లపాటు ఉంచితే దాని కూతుళ్లే దానికి ఎదకొస్తాయి. పిల్లలు నీరసంగా పుడతాయి, చూళ్లు తగ్గుతాయి. రెండేళ్లకోసారి పొట్టేలును మార్చండి. కొత్తది వేరే మందది కావాలి, పాలపళ్లు రాలి కనీసం రెండు శాశ్వత పళ్లు వేసి ఉండాలి, రెండు వృషణాలూ సమంగా దిగి ఉండాలి. పల్లైనా సరే, దొరైనా సరే.