పరిష్కారమైపోయిందట!

ఇప్పుడే మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. అమ్మ ఫ్యామిలీ పెన్షన్ గురించి కేంద్రం ఫిర్యాదుల పోర్టల్లో నేను పెట్టింది అది. ఆత్రంగా తెరిస్తే లోపల ఒకటే వాక్యం: సంబంధిత కార్యాలయానికి పంపడమైనది, కావున ముగించడమైనది. నేను ఫిర్యాదు చేసిందే ఆ సంబంధిత కార్యాలయం మీద! (పేరు చెప్పను. అమ్మకు ఇంకా వాళ్లతోనే పని.)

గొడవల్లా ఏంటంటే, నాన్న సర్వీసు రికార్డులో అమ్మ ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో చివర ఉంది. అంతే. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి, ఇంటిపేరు ఆ చివరి నుంచి ఈ చివరికి జరిగేసరికి వేరే ఆవిడ అయిపోయింది! తెలుగువాళ్లు ఇంటిపేరు ముందు రాసుకుంటారని ఈ ఫారాలు చేసేవాళ్లకు ఇన్నేళ్లుగా ఎవరూ చెప్పలేదు కాబోలు.

సంస్కరణలకేం, కొదవ లేదు. 1966లో మొదటి పరిపాలనా సంస్కరణల సంఘం వేస్తే 20 రిపోర్టులిచ్చింది. 2005లో వీరప్ప మొయిలీ అధ్యక్షుడిగా రెండోది, 15 రిపోర్టులు. మన లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ గారూ అందులో సభ్యులే, పాపం. 2020లో మిషన్ కర్మయోగి అని ఉద్యోగులకు ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టారు. ఇంటిపేరు ఏ పాఠంలో వస్తుందో మరి. ఫిర్యాదు తేల్చే గడువు 45 రోజుల నుంచి 30కి, 2024లో 21కి దించారు. భేష్. ఇప్పుడు ఇరవై ఒక్క రోజుల్లోనే మూసి పారేస్తున్నారు! పైవాళ్లు లెక్కపెట్టేది ఎన్ని మూశారనే కదా. ముసలావిడ ఖాతాలో డబ్బు పడిందో లేదో ఎవడికి కావాలి?

అసలు వీళ్లకు మనిషంటే నమ్మకం ఎప్పుడుంది గనక! డిగ్రీ అయ్యాక జిరాక్సుల మీద గెజిటెడ్ ఆఫీసర్ పచ్చ ఇంకు సంతకం కోసం పొద్దున్నుంచి లంచ్ దాకా బెంచీ మీద కూర్చున్నాను. ఆ మహానుభావుడు ఒరిజినల్ వైపు కన్నెత్తి చూడలేదు. "ఎవరి తాలూకా అబ్బాయివి?" అన్నాడు. ఎవరి తాలూకా కాదన్నాను. రేపు రమ్మన్నాడు. 2014లో కేంద్రం, మీ కాపీల మీద మీరే సంతకం పెట్టుకోండి అంటూ ప్రోత్సహించింది. దేశమేమైనా మునిగిందా? మరి నా చేత ఆ బెంచీ ఎందుకు అరగదీయించినట్టు? ఆ రేపు కూడా వెళ్లానండీ. ఆయన సెలవు.

సరే, ఆఫీసువాళ్లు పేరు సరిచేయడానికి ఇంకో కొత్త ఫారం నింపమన్నారు. తెరిచాను. మొదటి గడి ఫస్ట్ నేమ్, చివరి గడి లాస్ట్ నేమ్. అమ్మ పక్కనే కూర్చుని అడుగుతోంది, "ఈసారి నేనెవర్నిరా?"