మనవాడుండగా ఎస్క్రో ఎందుకు?

బెంగళూరు తెలుగువారి ఆత్మగౌరవానికి ఈమధ్య పెద్ద ముప్పు వచ్చిపడింది. డొమైన్ పేర్లు, అంటే వెబ్‌సైటు చిరునామాలు, కొన్నా అమ్మినా ఎస్క్రో ద్వారానే, అంటే డబ్బును మధ్యలో మూడో సంస్థ చేతిలో ఉంచే చేయాలని కొందరు కుర్రాళ్లు బాహాటంగా, ఏమాత్రం మొహమాటం లేకుండా చెబుతున్నారు. ఎదుటివాడి మీద నాకు నమ్మకం లేదని మొహం మీదే చెప్పడం కాక మరేమిటిది?

మన పద్ధతికి ఏం తక్కువ? మారతహళ్లి బ్రిడ్జి దగ్గర టీ కొట్టులో ఇద్దరు కలుస్తారు. "ఏ ఊరన్నా మీది?" "కావలి." "అరె, మా చిన్నత్తవాళ్లది బిట్రగుంటే!" విచారణ ముగిసింది. స్టార్టప్ పేరు కోసం తిరుగుతున్న తమ్ముడు అక్కడికక్కడే ఫోన్ తీసి ఎనభై వేలు యూపీఐ కొడతాడు. డొమైన్ అమ్ముతున్న అన్న "రాత్రికి బదిలీ కోడ్ పంపిస్తాలే" అంటాడు. ఏ రాత్రికి అన్నది తమ్ముడు అడగడు. అడిగితే బాగోదు కదా.

ఎస్క్రో వాళ్లకు ఇలాంటి మర్యాదలు తెలియవు. ఏ పేరు, ఎంత ధర, వచ్చిన డొమైన్‌ను పరీక్షించుకోవడానికి ఎన్ని రోజులు, ఫీజు ఎవరు కట్టాలి అన్నవి ముందే తేల్చమంటారు. కొనేవాడి డబ్బు అమ్మేవాడికి కాక మధ్యనున్న సంస్థకు వెళుతుంది. అది చేరాకే అమ్మేవాడు డొమైన్ వదలాలి. డొమైన్ తన ఖాతాలోకి వచ్చిందని కొన్నవాడు చూసుకుని సరే అన్నాకే డబ్బు కదులుతుంది. చిన్నత్తగారి ఊరికి ఇందులో ఎక్కడా చోటే లేదు! ఎస్క్రో.కామ్ అనే సంస్థయితే 1999 నుంచి ఈ అపనమ్మకం మీదే బతుకుతోంది. కాలిఫోర్నియా ప్రభుత్వం దానికి లైసెన్సు కూడా ఇచ్చింది. పైగా డాలర్లు పంపాలంటే బ్యాంకులో విదేశాలకు డబ్బు పంపే ఏ2 ఫారం నింపాలి, ఎందుకు పంపుతున్నామో తెలిపే పర్పస్ కోడ్ చెప్పాలి. అన్న నంబరుకు కొడితే రెండు సెకన్ల పని.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పక తప్పదు. ఇదే తమ్ముడు దేవనహళ్లి వైపు ఇంటి స్థలం కొనేటప్పుడు తన కన్న తండ్రి మాటా నమ్మడు. ముప్ఫై ఏళ్ల ఈసీ తీయిస్తాడు, మదర్ డీడ్ (మూల దస్తావేజు) అడుగుతాడు, ఆస్తి పన్ను ఖాతా ఎవరి పేరున ఉందో చూస్తాడు, చివర్లో లాయరుకు చూపిస్తాడు. డొమైన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అది నిన్నటిదాకా ఎవరి చేతిలో ఉందని అడగడం సంస్కారం కాదు. గ్యారీ క్రెమెన్ 1994లో రిజిస్టర్ చేసుకున్న సెక్స్.కామ్‌ను మరుసటేడు స్టీఫెన్ కోహెన్ అనే పెద్దమనిషి ఒకే ఒక్క ఫోర్జరీ ఉత్తరంతో తన పేరిట మార్పించుకున్నాడు. కోర్టు దాన్ని తిరిగి ఇప్పించేసరికి 2000 వచ్చింది. ఇప్పుడు ఉత్తరాలతో పని లేదు, అసలు యజమాని ఈమెయిల్ పాస్‌వర్డ్ దొరికితే చాలు. దొంగ సరుకు ఎస్క్రో గుండా వచ్చినా దొంగ సరుకే. పాత యజమానికి ఒక ఫోన్ చేసి కనుక్కోవచ్చు. కానీ చేస్తే అన్న నొచ్చుకుంటాడు.

మనలో కాలంతోపాటు మారినవాళ్లూ ఉన్నారు, వాళ్లకు నా నమస్కారం. "మేం ఎస్క్రోనే వాడతామండీ" అంటారు. ఏ ఎస్క్రో అని అడిగితే అమ్మేవాడు పంపిన లింక్ చూపిస్తారు. ఎంత శ్రమ తప్పించాడు, పాపం! తెరిచి చూస్తే సైటు ముచ్చటగా ఉంటుంది. అసలు సంస్థ పేరులో ఎక్కడో ఒక అడ్డగీత, చివర డాట్‌కామ్‌కు బదులు ఇంకేదో. ఆ చిరునామా రిజిస్టరై పది రోజులు కూడా కాలేదు. అర్ధరాత్రి చాట్‌లో "సర్, సర్" అంటూ జవాబిస్తారు. డబ్బు పంపాల్సిన ఖాతా మాత్రం ఎవరో వ్యక్తి పేరున ఉంటుంది, లేదంటే క్రిప్టోలో పంపమంటారు. అడ్రసు మొదట్లో హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా అని తమ్ముడి ధీమా. ఆ చివరి ఎస్, మీ మాటలు దారిలో ఎవరూ వినకుండా చూస్తుందే తప్ప అవతల కూర్చున్నది దొంగో దొరో చెప్పదు. ఆ సర్టిఫికెట్ దొంగకూ ఉచితంగానే దొరుకుతుంది. మధ్యవర్తిని ఎవరు ఎంచుకున్నారు, చిరునామా ఎవరి వేళ్లతో టైపయింది, లైసెన్సు ఉందో లేదో ఇచ్చినవాళ్ల జాబితాలో ఎవరు చూశారు అన్న మూడు ముక్కల్లోనే ఉంది వ్యవహారమంతా. కానీ చూడటమంటే మళ్లీ అనుమానించడమేగా!

అమ్మేవాళ్లు తక్కువ తిన్నారా? "డబ్బు అందింది, డొమైన్ విడుదల చేయండి" అని ఈమెయిల్ వస్తే చాలు, సంస్థ సైటులోకి లాగిన్ అయి చూసే ఓపిక కూడా లేకుండా బదిలీ కోడ్ పంపేస్తారు. లోగో ఉన్న ఈమెయిల్ అబద్ధమాడుతుందా?

ఇక కొన్నవాడు "సరే" నొక్కే ఘట్టం. "అన్నా, నీ సైటు ఓపెన్ అవుతోంది కదా, నొక్కేయ్, ఇక్కడ అర్జెంటు" అని అమ్మేవాడి ఫోన్ మీద ఫోన్. సైటు తెరుచుకోవడానికి, డొమైన్ ఏ సైటుకు దారి చూపాలో చెప్పే నేమ్‌సర్వర్లు మారిస్తే చాలు, దానికీ యాజమాన్యానికీ సంబంధం లేదు. అమ్మేవాడు తన ఖాతా లాగిన్ చేతికిచ్చినా అంతే, రికవరీ ఈమెయిల్ ఆయనదేగా. డొమైన్ రిజిస్ట్రార్ (డొమైన్లు నమోదు చేసే కంపెనీ) దగ్గర మన సొంత ఖాతాలో, మన ఈమెయిల్ కింద కనబడాలి. కొత్తగా రిజిస్టరైన డాట్‌కామ్‌నో, ఈమధ్యే రిజిస్ట్రార్ మారినదాన్నో 60 రోజులు ఇంకో రిజిస్ట్రార్‌కు కదలనివ్వకపోవడం మామూలే. అలాంటప్పుడు అదే రిజిస్ట్రార్‌లో ఖాతా తెరిచి అమ్మేవాడి ఖాతా నుంచి అందులోకి పుష్ చేయించుకోవచ్చు. ఇదంతా ఒప్పందం రాసుకునేటప్పుడే మాట్లాడుకోవాలట. అంత టెన్షన్ మనకెందుకు? నొక్కేద్దాం.

పెద్ద కంపెనీ పేరుకు ఒక అక్షరం తగిలించిన డొమైన్ చవగ్గా దొరికిందని మురిసిపోయేవాళ్ల సంగతి సరేసరి. ఎస్క్రో సంస్థ ట్రేడ్‌మార్కుల జోలికి పోదు, డబ్బు శుభ్రంగా అమ్మేవాడికి చేరుస్తుంది. తరవాత డొమైన్ వివాదాలు తేల్చే నిబంధనల ప్రకారం, డాట్‌కామ్ అయితే యూడీఆర్‌పీ కింద, డాట్ ఇన్ అయితే ఐఎన్‌డీఆర్‌పీ కింద, ట్రేడ్‌మార్కు యజమాని ఫిర్యాదు వచ్చి పేరు చేజారవచ్చు.

ఇవన్నీ జరిగాక కొందరు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తున్నారు. డబ్బు పోయిన వెంటనే చేస్తే దాన్ని దారిలో ఆపే అవకాశం ఉంటుందట. మనవాళ్లు ముందు అన్నకు వారంపాటు గుడ్ మార్నింగ్‌లు పెట్టి, ఆ తరవాత చేస్తారు. ఉన్నపళాన కంప్లైంట్ ఇస్తే అన్న ఏమనుకుంటాడు?

ఇంత చెప్పినా మధ్యవర్తి కావాల్సిందేనని పట్టుబట్టేవారి కోసం ఆ బాధ్యత నేనే తీసుకోదలిచాను. ఫీజు అక్కర్లేదు. డబ్బు నా సేవింగ్స్ ఖాతాలో వేసి, బదిలీ కోడ్ నా వాట్సాప్‌కు పంపండి. దయచేసి లైసెన్సు అడిగి నన్ను చిన్నబుచ్చకండి.